మాటకీ మాటకీ మధ్య

ముప్పై ఏళ్ళపాటు ఒక చిన్న గీత పెట్టినందుకూ, ఎవరో పెట్టిన గీత తీసేసినందుకూ జీతం పుచ్చుకున్నాను. విన్నవాళ్ళు వేళాకోళం అనుకుంటారు గాని నిజం. 1989లో మద్రాసులో ఒక టైప్‌సెట్టింగ్ ఆఫీసులో ఇంగ్లీషు ప్రూఫులు దిద్దే పనిలో చేరాను. లండన్‌లోనూ న్యూయార్క్‌లోనూ వెలువడే పుస్తకాల పేజీలు మా బల్లల మీదికి వచ్చేవి. స్పెల్లింగ్ తప్పులు ఎవరైనా పట్టేస్తారు. మా పనితనం తేలేది ఒక్కచోటే. రెండు మాటలు పక్కపక్కన నిలబడితే వాటిని విడిగా ఉంచాలా, మధ్యన హైఫన్ వెయ్యాలా, కలిపేసి ఒకటి చెయ్యాలా?

చేరిన వారంలోనే మా సీనియర్ని అడిగాను, దీనికి సూత్రం ఏమిటని. ఆయన నవ్వి లావుపాటి నిఘంటువు నా ముందుకు తోశాడు. అదే సూత్రం. ఫుట్‌బాల్ ఒకటే మాట. మదర్-ఇన్-లాకి రెండు గీతలు. నోట్‌బుక్ కలిసి ఉంటుంది, దాని తోబుట్టువు ఫోన్ బుక్ మాత్రం విడికాపురం. ఎందుకని అడిగితే నిఘంటువు జవాబు చెప్పదు. ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది, అంతే.

నాకు ఇది మింగుడుపడలేదు. నేను గుంటూరు జిల్లా పొన్నూరులో తెలుగు మీడియంలో చదువుకున్నవాణ్ణి. మా తెలుగు మాస్టారు సమాసం అంటే ప్రాణం పెట్టేవారు. మాట ఇస్తే విగ్రహవాక్యం రాయాలి, సమాసం పేరు చెప్పాలి. రాజు యొక్క భటుడు, రాజభటుడు, షష్ఠీ తత్పురుష. మూడు కన్నులు గలవాడు, ముక్కంటి, బహువ్రీహి. కలపాలా వద్దా అన్న సందేహమే లేదు. సమాసం అయిందంటే కలిసిందనే. ఏ మాట ఏ మాటతో కలవకూడదో కూడా కట్టుదిట్టంగా చెప్పేవారు. సంస్కృతాన్నీ తెలుగునీ అడ్డదిడ్డంగా అతికిస్తే అది వైరి సమాసం. వైరి! వ్యాకరణంలో కూడా పగలుంటాయని అప్పుడే తెలిసింది. ఇంగ్లీషుకి అలాంటి పట్టింపులు లేవు. టెలివిజన్‌లో సగం గ్రీకు, సగం లాటిన్. లాఠీ ఛార్జిలో సగం మనది, సగం వాళ్ళది. ఎవరూ వైరం అనలేదు.

ఉద్యోగంలో చేరాక భాషాశాస్త్రం పుస్తకాలు కొన్ని నా చేతికి ప్రూఫులుగా వచ్చాయి. ఒకదాంట్లో ఇంగ్లీషు సమాసాల అధ్యాయం తెరిస్తే, ఇంగ్లీషు అక్షరాల్లో తత్పురుష, ద్వంద్వ, కర్మధారయ, బహువ్రీహి! పొన్నూరులో బెంచీ ఎక్కి నిలబడి వల్లెవేసిన మాటలు లండన్ పుస్తకంలో, అదీ ఇంగ్లీషు మాటలకే పేర్లుగా. సంస్కృత వ్యాకరణం చదువుకున్న యూరప్ పండితులు 19వ శతాబ్దంలో వాటిని పట్టుకెళ్ళారు. మళ్ళీ మార్చలేదు. మార్చడానికి అంతకన్న మంచి మాటలు దొరకాలిగా. ఆ పేర్లలో ఇంకో చమత్కారం ఉంది. తత్పురుష అంటే వాడి మనిషి. ఆ మాటే తత్పురుష సమాసం. బహువ్రీహి అంటే బోలెడు ధాన్యం గలవాడు. ఆ మాటే బహువ్రీహి. వడ్డించినవాడు తనూ ఒక ముద్ద తిని చూపించినట్టు, పేరే ఉదాహరణ.

ఆ అధ్యాయం దిద్దుతున్నప్పుడు తగిలిన మాట పిక్‌పాకెట్. మనం జేబుదొంగ అంటాం. మన మాటలో జేబూ ఉంది, దొంగా ఉన్నాడు. ఇంగ్లీషు మాటలో కొట్టెయ్యడం ఉంది, జేబు ఉంది, దొంగ లేడు! సమాసంలోంచే తప్పించుకున్నాడు. అన్యపదార్థ ప్రాధాన్యం అంటే ఏమిటో మాస్టారు ఏడాదంతా చెప్పినా ఎక్కనిది, ఈ కంటబడని దొంగ ఒక్క క్షణంలో నేర్పాడు. ఉన్న రెండు మాటలూ కాకుండా, లేని మూడోవాణ్ణి చూపించడం. రెడ్‌హెడ్ అంటే ఎర్రతల కాదు, ఎర్రజుట్టు మనిషి. మన ముక్కంటికి ఈ రెడ్‌హెడ్ వరసకి తమ్ముడే.

సమాసంలో ఉన్నదాని కంటె లేనిదే ఎక్కువ పని చేస్తుంది. కొబ్బరినూనె కొబ్బరి నుంచి తీసింది. తలనూనె తల నుంచి తీసింది కాదు గదా! ఇంగ్లీషులో ఆలివ్ ఆయిల్‌కీ బేబీ ఆయిల్‌కీ ఉన్న తేడా అదే. పట్టుచీర పట్టుతో నేసింది, పెళ్ళిచీర పెళ్ళి కోసం కొన్నది, దోమతెర దోమలు రాకుండా కట్టింది. నుంచి, తో, కోసం, రాకుండా. ఇన్ని సంబంధాలను మింగేసి మాట ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. విన్నవాడికి ఎలా తెలుస్తుంది? పసిపిల్లకు నూనె రాయడం చూసినవాడికి తెలుస్తుంది. దోమల్లో పడుకున్నవాడికి తెలుస్తుంది. వ్యాకరణం వదిలేసిన చోటును బతుకు పూరిస్తుంది. అందుకే పరాయి భాషలో కష్టమైన మాటలకన్న, తేలికైన రెండు మాటల మధ్య ఉన్న ఖాళీ ఎక్కువ బాధపెడుతుంది.

ఆ ఖాళీ తప్పుగా పూరిస్తే ఏమవుతుందో మా వీధి చివర సోఫాల దుకాణం బోర్డు రోజూ చెప్పేది. పాత సోఫాలకు కొత్త బట్ట వేస్తామని వాళ్ళ ఉద్దేశం. రీ-కవర్ అని రీ తర్వాత హైఫన్ పెడితే ఆ అర్థమే వచ్చేది. పెట్టకపోవడంతో అది రికవర్ అయి, పోయిన సోఫాలు వెతికి తెచ్చిపెడతాం అన్నట్టు తయారైంది. నేను లోపలికెళ్ళి చెబుదామని రెండుసార్లు మెట్లెక్కి దిగిపోయాను. జీతం లేకుండా గీత పెట్టడం అలవాటు తప్పింది.

డబ్బు దగ్గరికొస్తే గీత విలువ లెక్కతోనే తేలుతుంది. ట్వెంటీ ఫైవ్ రూపీ నోట్స్ తెమ్మన్నారు. గీత ట్వెంటీకీ ఫైవ్‌కీ మధ్య ఉంటే రూపాయి నోట్లు పాతిక, మొత్తం 25 రూపాయలు. ఫైవ్‌కీ రూపీకీ మధ్య ఉంటే ఐదేసి రూపాయల నోట్లు ఇరవై, మొత్తం 100. గీత ఒక మాట పక్కకి జరిగితే 75 రూపాయల తేడా. తెలుగులో ఈ గొడవ రాదు. రూపాయి నోట్లు, రూపాయల నోట్లు అనడంలోనే సంగతి తేలిపోతుంది, పైగా మనకు పాతిక అనే మాట ఉంది. ఇంగ్లీషు సమాసం చేసేటప్పుడు విభక్తినీ బహువచనాన్నీ గుమ్మం బయట వదిలేస్తుంది. వదిలేశాక దారి తెలియక ఒక గీత గీసుకుంటుంది. హైఫన్ అంటే ఏమిటని కుర్రాళ్ళు అడిగితే నేను చెప్పేది ఒకటే: అది ఇంగ్లీషువాడి విభక్తి.

మాట్లాడేటప్పుడు వాళ్ళకి గీత అక్కర్లేదు, గొంతు ఉంది. బ్లాక్‌బోర్డ్ అన్నప్పుడు మొదటి మాట మీద ఒత్తిడి. అది బడిలో బోర్డు. రెండో మాట మీద ఒత్తితే నల్లరంగు చెక్క ఏదైనా కావచ్చు. ఇంగ్లీష్ టీచర్ అనే మాటను ముందు ఒత్తితే ఇంగ్లీషు చెప్పే మాస్టారు, వెనక ఒత్తితే ఇంగ్లాండు నుంచి వచ్చిన మాస్టారు. మా ఇంగ్లీషు మాస్టారు ఇంగ్లీషువారు కారు, పొన్నూరువారు. ఆయన రెండు మాటల్నీ సమంగా, ఎవరికీ అన్యాయం జరక్కుండా పలికేవారు. మన తెలుగువాళ్ళందరి ఇంగ్లీషూ అలాగే నడుస్తుంది. ఇంగ్లీషువాళ్ళు చెవితో వినేదాన్ని మేం కంటితో నేర్చుకోవాల్సి వచ్చింది. బహుశా అందుకే మద్రాసులో కూర్చున్న వాళ్ళకి లండన్ వాళ్ళ హైఫన్లు దిద్దే పని దొరికింది. పుట్టినింటి గడప ఎంత ఎత్తో ఆ ఇంటివాళ్ళు చూడరు. కొత్తగా వచ్చినవాడి కాలికే తగులుతుంది.

ఒకసారి మన దేశపు రచయిత నవల ఒకటి లండన్ ప్రచురణకర్త తరఫున వచ్చింది. అందులో కో-బ్రదర్ అనే మాట ఉంది. అక్కడి సంపాదకుడు మార్జిన్‌లో, ఇతనెవరు, బ్రదర్-ఇన్-లా అని మార్చవచ్చా అని రాశాడు. నాకు నవ్వొచ్చింది. తోడల్లుణ్ణి మన వాళ్ళు ఇంగ్లీషులోకి ఎత్తుకెళ్ళారు, తోడు కో అయింది, అల్లుడు బ్రదర్ అయ్యాడు. బ్రదర్-ఇన్-లా అంటే బావ కావచ్చు, బావమరిది కావచ్చు, మరిది కావచ్చు, తోడల్లుడూ కావచ్చు. పెళ్ళిలో వీళ్ళందర్నీ ఒకే వరసలో కూర్చోబెడితే మా ఊళ్ళో భోజనాల దగ్గర గొడవైపోతుంది. అసలు ఇన్-లాలో ఉన్న లా పాత చర్చి చట్టం. పెళ్ళి వల్ల చుట్టమైనవాళ్ళలో ఎవరిని మళ్ళీ పెళ్ళాడకూడదో చెప్పే చట్టం. వాళ్ళు బంధువుని చట్టంతో కొలిచారు, మనం వరసతో కొలుస్తాం. ఇద్దరల్లుళ్ళు ఒకే అత్తారింట్లో పడే పాట్లలో తోడుంటారు గనక ఆ మాట మార్చవద్దు అని జవాబు రాశాను. మార్చలేదు. హైఫన్‌తో సహా ఉంచారు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను గట్టిగా గెలిచిన వాదం అదొక్కటే.

ఇక ఓడిపోయినవి లెక్కలేనన్ని. కాలంతో వాదించి ఎవరు గెలిచారు? టుడే, టుమారో అనే మాటలు 20వ శతాబ్దం మొదట్లో కూడా హైఫన్‌తోనే అచ్చయ్యేవి. న్యూయార్క్‌కి కూడా గీత ఉండేది. 1851లో మొదలైన న్యూయార్క్ టైమ్స్ పత్రిక తన పేరులో గీతను 1896 దాకా మోసి దించేసింది. 1804లో పుట్టిన న్యూ-యార్క్ హిస్టారికల్ సొసైటీ మాత్రం శతాబ్దాలు మారినా 2024 దాకా పాత గీత మీద మమకారం వదలలేదు. మా ఆఫీసులో కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఈ-మెయిల్‌కి గీత పెట్టనివాడు చదువురానివాడు. 2011లో అమెరికా పత్రికలు ప్రమాణంగా చూసుకునే అసోసియేటెడ్ ప్రెస్ శైలిపుస్తకం ఆ గీత తీసేసింది. మర్నాటి నుంచి పెట్టినవాడు పాతకాలపువాడు.

అసలు దెబ్బ 2007లో తగిలింది. షార్టర్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఆరో ముద్రణ వచ్చింది. అందులో దాదాపు 16,000 మాటల నుంచి హైఫన్ తీసేశారు. జనానికి హైఫన్ ఎక్కడ పెట్టాలో ధైర్యం చాలడం లేదు, అందుకే వాడటం మానేస్తున్నారు అని సంపాదకులు చెప్పిన కారణం. ఐస్ క్రీమ్, ఫిగ్ లీఫ్, పాట్ బెల్లీ వేరుపడ్డాయి. బంబుల్‌బీ, క్రైబేబీ, లీప్‌ఫ్రాగ్ కలిసిపోయాయి. ఏది విడిపోయిందో ఏది కలిసిందో తెలిపే జాబితా మేం గోడకి అంటించుకున్నాం. ఇన్నాళ్ళూ చేతులు పట్టుకున్నవాళ్ళని, ఇక కలిసి ఉంటారా వెళ్ళిపోతారా తేల్చుకోండని పంచాయితీ పెట్టినట్టుంది. పొట్టకీ కుండకీ మధ్య గీత పోయింది గాని బొజ్జ అలాగే ఉందని మా సీనియర్ తన పొట్ట నిమురుకున్నాడు.

ఆ రోజుల్లోనే పాత మాటల మీద నాకు మమకారం పెరిగింది. గీతలూ ఖాళీలూ అన్నీ దాటేసి, తాము ఒకప్పుడు రెండు మాటలమన్న సంగతే మరిచిపోయిన మాటలవి. లార్డ్ అంటే మహాప్రభువు అనుకుంటాం. పాత ఇంగ్లీషులో అది రొట్టె కాపలాదారు. లేడీ రొట్టెపిండి పిసికే మనిషి. డైసీ పువ్వు పగటి కన్ను. షెరీఫ్ జిల్లా అధికారి. వెయ్యేళ్ళ నోట్లో నానితే రెండు మాటలు కరిగి ఒక ముద్ద అవుతాయి. విండో మరీ చిత్రం. స్కాండినేవియా నుంచి పడవల మీద వచ్చినవాళ్ళ భాషలో దాని అర్థం గాలికన్ను. మన గవాక్షంలోనూ కన్నే ఉంది, ఎద్దుకన్ను. ఉత్తర సముద్రపు ఒడ్డున గోడకి కన్నం పెట్టుకున్నవాడికీ, మన దేశంలో పెట్టుకున్నవాడికీ తోచింది ఒక్కటే, ఇల్లు ఇక్కడి నుంచి చూస్తుందని. ఒకరు గాలిని తలుచుకున్నారు, ఒకరు ఎద్దుని.

తెలుగు కూడా మాటల్ని ఇలాగే కరిగిస్తుంది. వేడినీళ్ళు వేన్నీళ్ళయ్యాయి, చల్లనీళ్ళు చన్నీళ్ళయ్యాయి, కంటిలో నీరు కన్నీరైంది. తేడా ఏమంటే మన కలం నోటి వెంట నడుస్తుంది. నోరు సంధి చేస్తే కలం సంధి రాస్తుంది. ఇంగ్లీషు నోరు కూడా సంధి చేస్తుంది గాని కలం ఒప్పుకోదు. కప్పులు పెట్టే బోర్డు, అంటే బల్ల, నోట్లో కబర్డ్ అయిపోయింది. రాతలో మాత్రం కప్పూ ఉంది, బోర్డూ ఉంది. ఉపవాసాన్ని విరమించడం బ్రేక్ ఫాస్ట్, నోట్లో బ్రెక్ఫస్ట్. రాతలో ఉపవాసం ఇంకా కనబడుతూనే ఉంది. వాళ్ళ స్పెల్లింగుని మనం తిట్టుకుంటాం గాని, అది ఒక రకం పాతసామాన్ల గది. మాట వాడకం మారినా పెట్టె పారెయ్యలేదు.

గీత మాటల మధ్యే ఉండిపోతే బాగుండేది. మనుషుల మధ్యకీ వచ్చింది. 1915లో న్యూయార్క్ సభలో మాజీ అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్, హైఫన్ పెట్టుకున్న అమెరికన్లకు ఈ దేశంలో చోటు లేదనే అర్థంలో గట్టిగా మాట్లాడాడు. ఐరిష్-అమెరికన్, జర్మన్-అమెరికన్ అని చెప్పుకునేవాళ్ళ మీద ఆ కోపం. ఆయన ముద్దుపేరుతోనే టెడ్డీ బేర్ అనే సమాసం పుట్టింది, పిల్లలు కౌగిలించుకు పడుకుంటున్నారు. సరిగ్గా నేను రిటైరైన 2019లో అసోసియేటెడ్ ప్రెస్ అలాంటి పేర్లలో హైఫన్ తీసేయమంది. గీత ఉంటే సగం మనుషులన్నట్టు ధ్వనిస్తోందని అక్కడ చాలామందికి బాధ. డల్లాస్‌లో ఉండే మా మేనల్లుణ్ణి ఫోన్లో అడిగాను, నీకు గీత ఉంటే బాగుంటుందా, లేకపోతే బాగుంటుందా అని. "నాకెందుకు మావయ్యా గీత, ఫారంలో టిక్కు పెట్టడానికి గడి ఉంటే చాలు" అన్నాడు. నేను ఇంకేదో చెప్పబోయి ఆగాను. గీత ఉన్నప్పుడు రెండు పేర్లూ ఒకదాన్నొకటి పట్టుకున్నట్టుండేవి. తీసేస్తే మొదటి మాట విశేషణం, రెండోది అసలు మాట. వ్యాకరణం దృష్టిలో అది గౌరవమే. మేనమామ దృష్టిలో ఏమిటో నాకింకా తేలలేదు.

రిటైరయ్యాక ఇంగ్లీషు మానేసి ఫోన్లో తెలుగు రాయడం మొదలుపెట్టాను. హైఫన్ల బెడద వదిలిందనుకున్నాను. మొదటి రోజే సాఫ్ట్‌వేర్ అని రాయబోతే సాఫ్ట్వేర్ అని పడింది. మన లిపికి కలుపుకోవడం పుట్టుకతో వచ్చిన గుణం. పొల్లుహల్లు పక్కన ఇంకో హల్లు కనబడిందా, వత్తుగా కిందికి లాగేస్తుంది. ట దగ్గర ఒక మాట అయిపోయిందనీ, వ దగ్గర ఇంకోటి మొదలవుతుందనీ దానికేం తెలుసు? ఎలా విడదీయాలని కంప్యూటర్ తెలిసిన కుర్రాణ్ణి అడిగితే, రెంటి మధ్యా కంటికి కనబడని ఒక అక్షరం కొట్టాలన్నాడు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. యూనికోడ్‌లో దానికి ఒక నంబరు ఉంది, కాగితం మీద ఆకారం లేదు. వెడల్పు సున్నా. రెండు మాటలు ఒకటిగానే కనబడతాయి, కాని ఒకదాన్నొకటి మింగవు.

ఇంగ్లీషు గీతతో ముప్పై ఏళ్ళు కాపురం చేసినవాడికి ఇలాంటిది ఒకటి కావాలని తెలియదు. అక్కడ గీత కనబడి కలుపుతుంది. ఇక్కడ కనబడకుండా విడిగా ఉంచుతుంది. ఈ వ్యాసంలో అలాంటివి బోలెడు వాడాను. టైప్‌సెట్టింగ్‌లో ఉంది, ఫుట్‌బాల్‌లో ఉంది, పిక్‌పాకెట్‌లో ఆ దొంగ పక్కనే ఉంది. మీకు ఒక్కటీ కనబడలేదు కదా? అయితే ఈ ప్రూఫు సరిగ్గానే దిద్దానన్నమాట.